తిత్లీ తర్వాత మహేంద్రగిరికి: జీపుదారిలో నడిచి ఎక్కిన నా అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, సోంపేట నుంచి బారువ వెళ్ళే వైపు ఒక చిన్న ఊరు. చిన్నప్పుడు మహేంద్రగిరి అంటే మాకు సముద్రంలోకి వెళ్తే కనబడే కొండ. వేటకి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు, పడవ లోపలికి పోయేకొద్దీ ముందు ఇసక కనబడకుండా పోతుంది, తర్వాత తోటలు సన్నటి గీతలా అయిపోతాయి, చివరికి కొండ ఒక్కటే మిగులుతుంది, దాన్ని గురుతు పెట్టుకునే ఇంటికొస్తాం అని. మా ఇంట్లోంచి మాత్రం ఎప్పుడూ కనబడేది కాదు. గడపలో నిలబడి పడమటికి చూస్తే అన్నీ కొబ్బరిచెట్లే. మావి, పక్కవాళ్ళవి, ఆ పక్కవాళ్ళవి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నేను అప్పుడు హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. ఫోన్లు కలవలేదు, కరెంటు స్తంభాలన్నీ పడిపోయాయి, ఇంటికి చేరడానికి నాకు మూడు రోజులు పట్టింది. వచ్చి గడపలో బ్యాగు దించి పడమటికి తిరిగితే ఎదురుగా కొండ. నీలంగా, ఇంత పెద్దగా, ఎప్పట్నుంచో అక్కడే కూర్చుని మా ఇంటినే చూస్తున్నట్టుగా. దానికీ మాకూ మధ్యన నిలబడిన చెట్టు లేదు. నాన్న వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి ఏమీ అనలేదు, కొండ వైపు చెయ్యి చూపించాడు అంతే.

ఎక్కాలన్న ఆలోచన ఆ రోజు రాలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు వచ్చింది. అప్పటికి మూడు నెలలయింది, పడిన చెట్ల మొద్దులు ఇంకా తోటలోనే ఉన్నాయి, ఎండిన మట్టలు కుప్పలు వేసి రోజుకి కొన్ని తగలబెడుతున్నారు, ఊరంతా అదే వాసన. కనుమ రోజు భోజనాలయ్యాక నాన్న తనంతట తానే అన్నాడు. "శివరాత్రికి ఆ కొండెక్కాలని కుర్రతనంలో ఎంత ఉండేదో. ఒకేడు పంటనీ, ఒకేడు పెళ్ళిళ్ళనీ, అవ్వనేదు. నువ్వెళ్ళి సూసిరా. అక్కణ్ణుంచి మన తోట ఎలాగ అగుపిస్తాదో సెప్పు." పక్కనే మా బావ ఉన్నాడు, అక్క భర్త, పలాసలో జీడిపప్పు పని. "మావయ్యా, ఎల్లుండే ఎల్తాం" అన్నాడు. అలా తేలిపోయింది.

దారి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మా వైపు వాళ్ళు చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. కొండ మా ఇంటికి ఎదురుగానే కనబడుతుంది కాబట్టి మందస దాటి తిన్నగా పోతే సరిపోతుంది అనుకుంటారు. మందస వైపు నుంచి అడవిలో కాలిబాటల మీద ఎక్కేవాళ్ళు ఉన్నారు, కానీ దారి తెలిసిన సవర మనిషి, అంటే ఇక్కడి గిరిజనుడు, వెంట లేకుండా ఆ పని పెట్టుకోకూడదు. శిఖరం ఉన్నది ఒడిశాలో, గజపతి జిల్లాలో. బండ్లు పోయే దారి పర్లాకిమిడి వైపు నుంచి. మేము పలాసలో గుణుపురం పాసింజరు ఎక్కి, టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడిలో దిగాం. పాతపట్నం మనది, ఏరు దాటితే పర్లాకిమిడి వాళ్ళది, ఆ ఏరు పేరు మహేంద్రతనయ. కొండ పుట్టించిన నీళ్ళు రెండు దారుల్లో పోతాయి. ఒకటి ఇలా పర్లాకిమిడి పక్క నుంచి వచ్చి వంశధారలో కలుస్తుంది, ఇంకొకటి సోంపేట వైపు దిగి మా బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. రెండింటికీ పేరొకటే. రైలు దిగి వంతెన మీద నిలబడి చూశాను, మా ఊరి ఏటికి తోబుట్టువుని చూసినట్టే అనిపించింది.

రాత్రి పర్లాకిమిడిలో పడుకుని, తెల్లవారుజామున మాట్లాడుకున్న బండిలో కొండ కింద ఆఖరి ఊరి దాకా వెళ్ళాం. పర్లాకిమిడిలో తెలుగు బాగా నడుస్తుంది, భాష సమస్య లేదు. డ్రైవరు మమ్మల్ని విచిత్రంగా చూశాడు. "జీపులో గంటలో ఎక్కించేస్తాను కదండీ, ఎందుకు నడకా?" అని రెండుసార్లు అడిగాడు. బావ నా మొహం చూశాడు. నాకు నడవాలనే ఉంది. నాన్న ఎక్కి ఉంటే నడిచే ఎక్కేవాడు.

ఆరు దాటింది, నడక మొదలుపెట్టాం. ఎవరి బ్యాగులో వాళ్ళకి రెండు లీటర్ల నీళ్ళు, అమ్మ కట్టిన పులిహోర, సున్నుండలు, బావ తెచ్చిన జీడిపప్పు, మందస కోవా. ఒక పొడి బనీను, తలకి తువ్వాలు. ఈ పొడి బనీను పెట్టమన్నది అక్క, దాని విలువ పైకి వెళ్ళాక తెలిసింది.

మొదట్లో దారి బాగానే ఉంటుంది, రెండు మలుపుల వరకు మనం మామూలు పల్లె రోడ్డు మీద పోతున్నట్టే. తర్వాత అసలు దారి. తిత్లీ వానకి గజపతి కొండల్లో కూడా చరియలు విరిగి మనుషులు చనిపోయారు, అప్పుడు కోసుకుపోయిన దారిని మేము వెళ్ళేనాటికి సగమే బాగుచేశారు. జీపుదారి అంటే రెండు చక్రాల గాళ్ళు, మధ్యలో గడ్డి మొలిచిన గట్టు. గాళ్ళల్లో ఉన్నదంతా వదులు రాయి, పిడికిలంత నుంచి కొబ్బరికాయంత వరకు. కొండరాయి ఎర్రగా, పొరలు పొరలుగా పుచ్చినట్టు ఉంటుంది. ఖోండలైట్ అంటారు, ఈ తూర్పు కనుమల్లో ఉండే ఖోండులనే గిరిజనుల పేరే దానికి పెట్టారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కాలు వేస్తే అంచు విరిగి కింద జారిపోతుంది.

మొదటి గంట నేను గాళ్ళోనే నడిచాను, అక్కడ గడ్డి లేదు, చదునుగా ఉందనిపించి. అది తప్పని అలవాటయ్యే దాకా తెలియలేదు. ప్రతి అడుగుకీ చీలమండ ఒక పక్కకి తిరుగుతుంది, మనిషికి తెలియకుండానే కాలంతా బిగబట్టుకుని నడుస్తాడు, అరగంటకి పిక్కలు రాళ్ళయిపోతాయి. బావ మధ్య గట్టు మీద పోతున్నాడు, హాయిగా. గడ్డి వేళ్ళు మట్టిని పట్టుకుని ఉంటాయి కాబట్టి అక్కడ కాలు నిలుస్తుంది. నేనూ గట్టు ఎక్కాను. ఎవరైనా జీపుదారిలో నడవాలంటే నేను మొదట చెప్పేది ఇదే, గట్టు మీద నడవండి, మలుపుల్లో మాత్రం కొండ గోడ పక్కకి వచ్చేయండి. లోయ పక్క అంచు బండ్ల బరువుకి కింద బోలుపడి ఉంటుంది, పైన గడ్డి చూసి గట్టిదే అనుకుంటాం.

రెండో సంగతి బండి వచ్చినప్పుడు. ఎనిమిదింటి వేళకి కింద నుంచి మోత వినబడింది. పాత కమాండర్ జీపు, పైన మూటలు, లోపల ఎనిమిది మంది దాకా ఉన్నారు, పర్లాకిమిడి నుంచి గుడికి వెళ్ళేవాళ్ళు. దారికి అడ్డంగా వాన నీరు కోసిన కాలువ ఒకటి ఉంది, మోకాలంత లోతు. జీపు అక్కడ ఆగింది. డ్రైవరు దిగి నడుం మీద చేతులు పెట్టుకుని ఒక నిమిషం కాలువని చూశాడు, మాట్లాడలేదు. అందర్నీ దింపేశాడు. క్లీనరు కుర్రాడికి పదిహేనేళ్ళు ఉంటాయేమో, చుట్టుపక్కల పెద్ద రాళ్ళు మోసుకొచ్చి కాలువలో, సరిగ్గా టైర్లు పడే చోట మాత్రమే పేర్చడం మొదలుపెట్టాడు. మేమిద్దరం బ్యాగులు దించి సాయం పట్టాం. నేను రాళ్ళు ఎలాగోలా వేసేస్తుంటే ఆ కుర్రాడు నా చేతిలోంచి తీసుకుని తిప్పి పెట్టాడు. "చదును కిందికి కాదన్నా, పైకి. మొన కిందికి పోవాలి, అప్పుడు కదలదు." చిన్న రాళ్ళు సందుల్లో కుక్కి, మడమతో తొక్కి చూసి, కదిలిన రాయిని తీసి మళ్ళీ పెట్టాడు. మొత్తం ఇరవై నిమిషాలు. ఆ కుర్రాడి పనితనం చూస్తే నాకు నిజంగా గౌరవం కలిగింది.

డ్రైవరు లో గేరు వేసి వదిలాడు. ముందు చక్రాలు దాటాయి. వెనక కుడి టైరు ఒక్కటి రాయి మీద నిలవక గిరగిరా తిరిగింది, క్లచ్చి కాలిన వాసన గుప్పున వచ్చింది. తోయడానికి అందరం వెనక చేరాం, అదే మా తప్పు. టైరు కింద రాయి తన్నుకొచ్చి బావ మోకాలి కింద ఎముక మీద తగిలింది. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే. బావ అరవలేదు, మెల్లగా కింద కూర్చున్నాడు. ఎముక విరగలేదు గానీ చూస్తుండగానే కోడిగుడ్డంత వాచింది. తిరిగే టైరుకి తిన్నగా వెనక ఎవరూ నిలబడకూడదు, తోసినా మూలల నుంచే తోయాలి, ఈ మాట కుర్రాడు ముందే చెప్పబోయాడట, ఇంజను మోతలో మాకు వినబడలేదు.

డ్రైవరు బావని జీపెక్కమని బతిమాలాడు. బావ తువ్వాలు తడిపి బిగించి కట్టుకుని, పది అడుగులు వేసి చూసి, "నడుస్తాను, మావయ్యకి మాటిచ్చాం" అన్నాడు. నాకు టెన్షన్. అక్కకి ఏం చెప్పాలి? ఆ తర్వాతి గంట నేను కొండ చూడలేదు, బావ కాలే చూశాను. ప్రతి మలుపులోనూ ఆగాం. వాపు పెరిగితే వెనక్కి తిరిగిపోదామని ఇద్దరం ముందే ఒక మాట అనుకున్నాం, అనుకోవడం మంచిదయింది. ఆ మాట లేకపోతే పంతానికి పోయి ఉండేవాళ్ళం.

నీళ్ళు తొమ్మిదిన్నరకే అయిపోవచ్చాయి. తడుపుకి సగం పోయాయి కదా. అదృష్టం కొద్దీ జనవరి, ఊటలు ఇంకా ఎండలేదు. దారి పక్క రాతి సందులోంచి వేలంత ధార, ఎవరో ఒక వెదురు దబ్బని చీల్చి దోనెలా అమర్చారు. తలమీద కట్టెల మోపుతో దిగుతున్న ఇద్దరు ఆడవాళ్ళు మేము సీసా పట్టడం చూసి ఆగారు. వాళ్ళలో పెద్దావిడ ముందు చెయ్యి కడుక్కోమని సైగ చేసింది, తర్వాత పట్టుకోమంది. ఆ నీళ్ళు పళ్ళు జిల్లుమనేలా ఉన్నాయి. అవి కిందికి దిగి దిగి నిన్న మేము చూసిన వంతెన కిందికే పోతాయి కాబోలు అనుకుంటూ రెండు సీసాలూ నింపుకున్నాను.

పైకి వెళ్ళేకొద్దీ చెట్లు పొట్టివైపోయాయి, తర్వాత గడ్డే. గాలి మొదలైంది. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు, మా ఊరేమో సముద్రమట్టానికి అంటుకుని ఉంటుంది, అంటే అక్కడికీ ఇక్కడికీ తొమ్మిది పది డిగ్రీల తేడా మామూలే. ఒంటినిండా చెమట, దాని మీద ఆ గాలి. నాకు దవడలు కొట్టుకున్నాయి. అక్క పెట్టించిన పొడి బనీను అప్పుడు వేసుకున్నాను, రెండు నిమిషాల్లో వణుకు ఆగిపోయింది. తడి బట్ట మీద ఇంకో స్వెట్టరు వేసుకుంటే లాభం లేదు, తడిది విప్పెయ్యాలి.

పదిన్నరకి పైకి చేరాం. పైన మంచు. పది గజాల అవతల ఏముందో తెలియదు. ముందు భీముడి గుడి మంచులోంచి బయటికొచ్చింది. చిన్న గుడే, కానీ అందులో ఒక్కో రాయి మనిషి ఎత్తలేనిది, ఎద్దులతో లాగినా ఇంత పైకి ఎలా తెచ్చారో ఊహకి అందదు. ఇందాక మేము కాలువలో వేసిన రాళ్ళు గుర్తొచ్చి చెయ్యి పెట్టి చూశాను, చల్లగా, గరుకుగా ఉంది. అదే పద్ధతి, రాయి బరువే రాయిని పట్టుకుంటుంది. కుంతి గుడి, ధర్మరాజు గుడి కూడా ఆ కొండ మీదే ఉన్నాయి. ముఖలింగం నుంచి ఏలిన గాంగ రాజులు తమ రాగిరేకుల శాసనాల్లో మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుణ్ణే కులదైవమని చెప్పుకున్నారు. రాజేంద్ర చోళుడి సైన్యం ఇక్కడి దాకా వచ్చి శాసనం చెక్కించింది, పులి, చేపల గుర్తులతో. పరశురాముడు తపస్సు చేసుకుంటున్నది ఇక్కడే అంటారు. ఇవన్నీ చదువుకున్నవే. కుంతి గుడి ముందు కూర్చుని పులిహోర విప్పితే మాత్రం నాకు గుర్తొచ్చింది నాన్న, కుర్రతనంలో రాలేకపోయిన శివరాత్రులు.

మంచు విడవడానికి గంటకి పైగా పట్టింది. బావ కాలు చాపుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు, వాపు పెరగలేదు. నేను తూర్పు అంచున నిలబడే ఉన్నాను. మంచు ఒక్కసారిగా పోదు. ముందు కాళ్ళ కింద గడ్డి వాలు కనబడింది, తర్వాత దాని కింద అడవి, తర్వాత ఇంకో కొండ వీపు. ఆ తర్వాత చాలాసేపు తెల్లదనమే. పన్నెండు కొట్టేలోపు దూరంగా ఆ తెల్లదనంలోనే ఒక సన్నటి మెరుపు గీత. మేఘమనుకున్నాను. అది కదలలేదు. బావ లేచి వచ్చి "సముద్రంరా" అన్నాడు.

సముద్రానికి ఇవతల ఉద్దానం. చిన్నప్పట్నుంచీ ఉద్దానం అంటే పచ్చదనం, ఉద్యానవనం అన్న మాటే అలా మారిందంటారు పెద్దవాళ్ళు. పై నుంచి చూస్తే ఆ పట్టీ గోధుమరంగులో ఉంది, అక్కడక్కడ పచ్చ మచ్చలు. మా ఊరు ఎటువైపుందో అంచనా వెయ్యగలిగాను, బారువ దగ్గర ఏరు సముద్రంలో కలిసే చోట నీటి మెరుపు గీత వంగుతుంది, దానికి కొంచెం ఇవతల. ఆ గోధుమ పట్టీ పొడుగునా సన్నటి పొగలు లేస్తున్నాయి. ఒకటి రెండు కాదు, లెక్కపెడితే పద్నాలుగు వచ్చాయి. మట్టలు కాలుస్తున్నారు. గాలి లేదేమో అక్కడ, పొగలన్నీ నిలువుగా, దారాలు వేలాడదీసినట్టు ఉన్నాయి.

ఫోనుకి ఒక గీత సిగ్నలు దొరికింది. నాన్న ఎత్తాడు.

"ఎక్కినారా?"

"ఎక్కాం నాన్నా. సముద్రం కనబడుతోంది."

"మన తోట అగుపిస్తందా? పొద్దున్నించి మట్టలు కాలుస్తన్నాను, మీకు గురుతుగా ఉంటాదని."

నేను మళ్ళీ చూశాను. పద్నాలుగు పొగలు. ఏది మాదో తెలియదు. "కనబడుతోంది నాన్నా" అన్నాను. అబద్ధం కాదు, వాటిలో ఒకటి మాదే. అటు నుంచి కాసేపు మాట లేదు, తర్వాత "ఇక్కడికి కొండ మంచిగా అగుపిస్తంది. మీరే అగుపించనేదు" అన్నాడు. బావ ఫోను తీసుకుని, కాలి సంగతి ఎత్తకుండా, "మావయ్యా, మందస కోవా దేవుడి దగ్గర పెట్టినాం, ప్రసాదం తెస్తన్నాం" అన్నాడు.

దిగడం గురించి ఎక్కువ చెప్పను. ఎక్కడంలో ఊపిరి పోతుంది, దిగడంలో మోకాళ్ళు పోతాయి. బూటు లేసు దిగే ముందు మళ్ళీ బిగించి కట్టుకోవాలి, లేకపోతే వేళ్ళు ముందుకి పోయి తగులుతాయి. నేను కట్టుకోలేదు, కుడి బొటనవేలి గోరు నల్లబడి నెల తర్వాత ఊడిపోయింది. అడుగులు చిన్నవి వేస్తూ, వదులు రాళ్ళున్న చోట పక్కకి తిరిగి దిగాం. సగం దారిలో పొద్దున్నటి జీపు కిందికి వస్తూ మా దగ్గర ఆగింది. ఈసారి బావ మారుమాట లేకుండా ఎక్కాడు, నేనూ ఎక్కాను. క్లీనరు కుర్రాడు టైరు వెనక పెట్టే రాయిని ఒళ్ళో పెట్టుకుని వెనక తలుపు పట్టుకుని వేలాడుతున్నాడు. పేర్చిన కాలువ దగ్గరకి రాగానే దిగి, పరుగెత్తి, తన రాళ్ళని ఒక్కొక్కటీ తొక్కి చూసుకున్నాడు. ఒక్కటీ కదల్లేదు. డబ్బులివ్వబోతే డ్రైవరు బావ కాలు చూపించి వద్దన్నాడు. మిగిలిన జీడిపప్పు పొట్లం కుర్రాడికి ఇచ్చాం.

బావ కాలికి పలాసలో ఎక్స్-రే తీయించాం, ఎముకకి ఏమీ కాలేదు, వారం పట్టీ. అక్క నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆ వేసవి దాటి వానలు పడ్డాక నాన్న కొబ్బరి మొక్కలు వేశాడు, నేను సెలవు పెట్టి వచ్చి గుంతలు తీశాను. పాత మొద్దుల వేళ్ళు గునపానికి అడ్డం పడుతూనే ఉన్నాయి. ఒక్కో మొక్క పెట్టేటప్పుడు నాన్న పడమటికి చూసి వరస సరిచూసుకునేవాడు, కొండే గురుతు. ఇప్పుడు ఆ చెట్లు ఇంటి కప్పుని దాటాయి, కొన్ని గెల వేశాయి కూడా. గడపలో నిలబడితే మళ్ళీ చెట్లే. కొండ చూడాలంటే డాబా ఎక్కాలి, నాన్న మోకాళ్ళ నొప్పులతోనే రోజూ సాయంత్రం ఒకసారి ఎక్కుతున్నాడు.